నలుపులోంచి నగరాన్ని తవ్వి తీయడం: ఎక్స్‌ప్రెషనిస్టు వుడ్‌కట్‌ను ఇంట్లో ఎలా చేయాలి

వుడ్‌కట్ అంటే చెక్క పలకను చెక్కి, మిగిలిన ఎత్తుకు సిరా పూసి కాగితం మీద అచ్చు తీయడం. అది మొదలుపెట్టిన వారు నన్ను అడిగే ప్రశ్న మాటలు మారినా ఒకటే. "వీధి ఫొటోను జాగ్రత్తగా పలక మీదికి దించాను. ఒక్క కిటికీ, ఒక్క కరెంటు తీగ వదలకుండా చెక్కాను. తీరా అచ్చు తీస్తే అంతా బూడిదరంగు గజిబిజి. ఆ జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టుల బొమ్మలు చూడగానే గుండెకు తగులుతాయి కదా, నాది ఎందుకు తగలడం లేదు?"

ఉలి పట్టడం రాకపోవడం దీనికి కారణం కాదు. ఉలి తాకని పలక మీద సిరా పూసి అచ్చు తీసి చూడండి, కాగితం మొత్తం నల్లగా వస్తుంది. నలుపు మీ చేతికి ముందే వచ్చేసింది. మీరు చెక్కి తీసేది వెలుతురును. తెల్ల కాగితం మీద పెన్సిలుతో అంచులు గీసే అలవాటును అలాగే పలక మీదికి తెస్తే, ప్రతి వస్తువు చుట్టూ ఒక సన్నటి గీత మిగులుతుంది. వెలుతురు ఎక్కడా ఉండదు. ఈ వ్యాసంలో నేను చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క అలవాటును తిప్పడానికే.

మొదలుపెట్టే ముందు కొన్ని బొమ్మలు చూడండి. ఉన్నది ఉన్నట్టు కాక, లోపలి ఉద్వేగం కనపడేలా ఆకారాలను వంచి గీసినవారే ఎక్స్‌ప్రెషనిస్టులు. 1905 జూన్‌లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎర్న్‌స్ట్ లుడ్విగ్ కిర్ష్‌నర్, ఎరిక్ హెకెల్, కార్ల్ ష్మిట్-రొట్‌లుఫ్, ఫ్రిట్జ్ బ్లైల్ అనే నలుగురు వాస్తుశిల్ప విద్యార్థులు 'డీ బ్రూకె' అనే బృందం పెట్టారు. వంతెన అని దాని అర్థం. భవనాన్ని నిలువుగా గీయడం రాని మనుషులు కారు వారు. బృందం 1911లో బెర్లిన్ చేరింది, 1913లో విడిపోయింది. మరుసటి ఏడాది కిర్ష్‌నర్ బెర్లిన్‌లోని పోట్స్‌డామర్ ప్లాట్జ్ కూడలిని రంగుల్లోనూ వేశాడు, చెక్క మీదా చెక్కాడు. గుండ్రటి ట్రాఫిక్ దిమ్మె మీద పొడుగ్గా సాగిన ఇద్దరు స్త్రీలు నిలబడి ఉంటారు. నేల వాలుగా జారుతున్నట్టు ఉంటుంది. వెనక మగవారు కాళ్ళు కత్తెరలా చాచి నల్లగా నడుస్తుంటారు. అందులో ఎన్ని వస్తువులు లేవో లెక్కపెట్టండి. ఆ తరువాత బెల్జియంలో పుట్టిన ఫ్రాన్స్ మాసెరీల్ 1925లో తెచ్చిన 'నగరం' చూడండి. మాట ఒక్కటీ లేకుండా 100 వుడ్‌కట్లలో గుంపులు, పొగగొట్టాలు, కార్యాలయాలు, వీధులు కనిపిస్తాయి. చివరి బొమ్మలో ఒక స్త్రీ కిటికీలోంచి నక్షత్రాలను చూస్తూ ఉంటుంది. చరిత్ర ఇక్కడికి చాలు.

కావలసినవి

- చెక్క పలక: 20 × 25 సెంటీమీటర్లు, మందం 8 నుంచి 12 మిల్లీమీటర్లు. పైపొర శుభ్రంగా ఉన్న ప్లైవుడ్, లేదా సామాను పెట్టెల నుంచి వచ్చే పైన్ చెక్క. కలప అడితిలో ముక్కలు తక్కువ ధరకే దొరుకుతాయి.
- ఉలులు: వి ఆకారపు గాడి ఉలి ఒకటి, గుండ్రటి గాడి ఉలులు రెండు (ఒకటి సన్నం, ఒకటి వెడల్పు), పదునైన కత్తి ఒకటి. పన్నెండు ఉలుల సెట్టు కొనవద్దు. ఈ నాలుగూ మంచివి కొనండి.
- సానరాయి, రెండు చుక్కల నూనె.
- రబ్బరు రోలర్, ఒక గాజు పలక, రంగు కలిపే పలుచని ఇనుప రేకు.
- సిరా: నూనె ఆధారిత నల్ల సిరా. రిలీఫ్ ప్రింటింగ్ (ఎత్తయిన భాగం నుంచి అచ్చు తీసే పద్ధతి) సిరా దొరకకపోతే ఆఫ్‌సెట్ ప్రెస్సులో వాడే నల్ల సిరా అర కిలో డబ్బా చాలా కాలం వస్తుంది.
- కాగితం: ప్రూఫులకు, అంటే పరీక్షగా తీసే అచ్చులకు, న్యూస్‌ప్రింట్, అసలు ప్రతులకు నేపాలీ చేతి కాగితం లేదా పలుచని కార్ట్రిడ్జి కాగితం.
- అచ్చు రుద్దడానికి చెక్క గరిటె. వీపు నున్నగా ఉన్న స్టీలు గరిటె అయినా సరే. ప్రెస్సు యంత్రం అవసరం లేదు.
- నల్ల డ్రాయింగ్ కాగితం, తెల్ల సుద్దముక్క, కార్బన్ పేపర్, లావు మార్కర్ పెన్ను.

చెక్క గురించి మరో రెండు మాటలు, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. పెడన కలంకారీ అచ్చులు చూసినవారు టేకు వాడాలని అనుకుంటారు. సూత్రం రెండింటిదీ ఒకటే: మిగిలిన ఎత్తు ముద్రపడుతుంది, తవ్వినది పడదు. కానీ ఆ అచ్చులు ఏళ్ల తరబడి గుడ్డ మీద దెబ్బ తినాలి కాబట్టి వాటికి టేకు కావాలి. మొదటిసారి ఉలి పట్టినవారి మణికట్టుకు టేకు భారం. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి దీనికి సరిగ్గా వ్యతిరేకం. బొమ్మకు అది చక్కటి కలప, కానీ అంత మెత్తని చెక్కలో సన్నటి గీత రోలర్ కింద నలిగిపోతుంది. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలకలో నార, అంటే చెక్కలో పొడవునా సాగే చారలు, ఉండదు. చెక్కడానికి సులువే, కానీ అచ్చులో చెక్క జాడ కనపడదు కాబట్టి ఈ పనికి నాకు నచ్చదు. పైగా దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. వాడితే ముక్కుకు మాస్కు తప్పనిసరి.

1. వీధిలో నిలబడి గీయండి

ఫొటో తీయవద్దు, మొదటి రోజు మాత్రం అసలే వద్దు. ఫొటో అన్నింటినీ ఒకే శ్రద్ధతో చూపిస్తుంది, మీకు కావలసినది ఎంపిక. కిర్ష్‌నర్ జేబులో స్కెచ్ పుస్తకంతో వీధుల్లో తిరుగుతూ క్షణాల్లో గీసేవాడు. మీరు మీ ఊళ్ళో అదే చేయండి. సాయంత్రం ఏడు తరువాత వెళ్ళండి, అప్పుడు వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో స్పష్టంగా తెలుస్తుంది.

ఉదాహరణగా నేను ఎంచుకున్నది హైదరాబాద్ అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు. రెండు మార్గాలు కలిసే చోటు కాబట్టి అక్కడ జనం ఎప్పుడూ ఎక్కుతూ దిగుతూ ఉంటారు. బెర్లిన్ కూడలిని చూసి నేర్చుకున్నది అక్కడ నాకు నేరుగా పనికివచ్చింది: ఎవరూ ఎవరినీ చూడరు, అందరూ ఒకే వాలు మీద కదులుతుంటారు. ఒక్కో స్కెచ్‌కు రెండు నిమిషాలు మించకుండా పది, పన్నెండు గీయండి. ప్రతి దాని పక్కన ఒక్క వాక్యం రాసుకోండి: "దీపం ఎడమ పైన", "ఫోను వెలుగు ముఖం కింద", "బస్సు అద్దం మాత్రమే తెల్లన".

2. నల్ల కాగితం మీద తెల్ల సుద్దతో మళ్ళీ గీయండి

ఈ మెట్టు దాటవేసినవారి అచ్చు నాకు చూడగానే తెలిసిపోతుంది. తీరిక ఉంటే వారం రోజులు దీనికే ఇవ్వండి.

పలక కొలతకే నల్ల కాగితం కత్తిరించుకోండి. సుద్దముక్కను నిలువుగా పట్టి అంచు గీయవద్దు, పక్కకు పడుకోబెట్టి రుద్దండి. సుద్ద పడిన చోటు వెలుతురు. రేపు ఉలి వెళ్ళేది సరిగ్గా అక్కడికే. అంచులు వాటంతట అవే పుట్టాలి: వెలిగే దుకాణం ముందు నిలబడిన మనిషికి మీరు గీత గీయనక్కర లేదు, వెనక వెలుగు రుద్దితే మనిషి నల్లగా నిలబడతాడు.

గీసేటప్పుడు వీటిని గుర్తుంచుకోండి:

మూడు పెద్ద ఆకారాలకు మించవద్దు. నా బొమ్మలో అవి: వాలుగా దిగే మెట్ల వరుస, పైన మెట్రో వంతెన అడుగు భాగపు నలుపు, ముందు నిలబడిన స్త్రీ. మిగతాదంతా వీటిలో కలిసిపోవాలి.

నిలువు గీతలను వాల్చండి. భవనాలు ఒకదానివైపు ఒకటి వంగితే వీధి ఇరుకైనట్టు, ఊపిరాడనట్టు తోస్తుంది. అయితే అన్నీ ఒకే వైపు వాలితే అది గాలివానలా కనిపిస్తుంది. ఒక్కటైనా ఎదురు వాలు ఉండాలి.

మనుషులను పెంచండి. కొత్తవారి బొమ్మల్లో భవనాలు పెద్దవిగా, మనుషులు చీమల్లా ఉంటారు. ముందున్న మనిషి తల పలక పై అంచును దాదాపు తాకనివ్వండి. మెడ సాగదీయండి, భుజాలను కోణాలుగా విరవండి. ముఖంలో కన్ను, ముక్కు, దవడ మూడు దెబ్బల్లో వస్తే చాలు. ముఖం ఎంత తక్కువతో నిలుస్తుందో తెలియాలంటే జర్మన్ కళాకారిణి కేథే కోల్విట్జ్ 1920ల మొదట్లో చెక్కిన 'యుద్ధం' వరుస చూడండి. ఆ ఏడు బొమ్మల్లో కొన్నింటిలో ముఖాలు, చేతులు తప్ప దేహమంతా నలుపులో మునిగి ఉంటుంది. అక్కడ ఒక్క గీత కలిపినా దుఃఖం పలుచనవుతుంది.

కిటికీలు. ఎత్తయిన భవనానికి అరవై కిటికీలు ఉంటే అరవై చెక్కాలనిపిస్తుంది. ఏడు చెక్కండి, ఏడూ ఏడు కొలతల్లో. సమానమైన చదరాలు వరుసగా పేరిస్తే కంటికి అది బూడిదరంగుగా కనిపిస్తుంది.

సరిగ్గా వచ్చిందా అని చూడటం: స్కెచ్‌ను గోడకు అంటించి పది అడుగుల దూరం వెళ్ళండి. కళ్ళు సగం మూయండి. ఏది మొదట కనిపించిందో అదే మీ బొమ్మ. మీరు అనుకున్నది అది కాకపోతే మళ్ళీ గీయండి. తరువాత తలకిందులు చేసి చూడండి. నలుపు, తెలుపు సరిగ్గా సగం సగం ఉంటే బొమ్మ కదలదు. ఏదో ఒకటి గెలవాలి. రాత్రి వీధికి నేను నలుపును మూడింట రెండు వంతులు ఉంచుతాను.

3. తిరగేయడం మరచిపోకండి

అచ్చులో ఎడమది కుడికి వస్తుంది. బస్సు బోర్డు, దుకాణం పేరు, రైలు నంబరు అన్నీ తిరగబడతాయి. స్కెచ్‌ను ట్రేసింగ్ కాగితం మీదికి ఎక్కించండి. పలకను నాలుగో మెట్టులో చెప్పినట్టు సిద్ధం చేశాక, ఆ కాగితాన్ని బోర్లా తిప్పి పలకపై పెట్టండి, కింద కార్బన్ పేపర్ ఉంచి గీయండి. అక్షరాలు పలక మీద తప్పుగా కనిపిస్తున్నాయంటే సరిగ్గా ఉన్నాయని అర్థం. అనుమానం వస్తే పలకను అద్దం ముందు పెట్టండి.

తెలుగు అక్షరాల వంపులు చెక్కడం కష్టమే. తలకట్టు, సున్నా లోపలి తెలుపు మొదట తీసి, బయటి అంచు చివర తీయండి. అసలు బోర్డు మీద అక్షరాలు కావాలా అని కూడా ఒకసారి ఆలోచించండి. అక్షరం ఉన్నచోట చదివే కన్ను ఆగిపోతుంది, బొమ్మ చూడటం మానేస్తుంది. నేను చాలాసార్లు వెలిగే ఖాళీ చదరం మాత్రమే ఉంచుతాను.

4. పలకను సిద్ధం చేయండి

సన్నటి గరుకు కాగితంతో నార వెంట రుద్దండి. పైన్ చెక్క అయితే ఇనుప తీగల బ్రష్షుతో నార వెంట గట్టిగా గీకండి. మెత్తటి భాగం అరిగి గట్టి చారలు పైకి తేలతాయి. ఆకాశం నల్లగా ఉంచే చోట ఆ చారలు వానలా, పొగలా అచ్చుపడతాయి. నార నిలువుగా ఉంచితే వాన, అడ్డంగా ఉంచితే పొగమంచు. ఏది కావాలో ఇప్పుడే నిర్ణయించుకోండి, తరువాత మార్చలేరు.

ఆ తరువాత పలక పైభాగానికి పలుచగా కలిపిన ఎర్రటి లేదా నల్లటి రంగు పూసి ఆరనివ్వండి. ఇది ఎంతో మేలు చేస్తుంది. ముదురు రంగు మీద ఉలి పడ్డచోట పచ్చి చెక్క లేతగా బయటపడుతుంది, అచ్చు ఎలా వస్తుందో చెక్కుతుండగానే తెలుస్తుంది. నల్ల రంగు వేస్తే కార్బన్ గీత కనపడదు, అప్పుడు పసుపు కార్బన్ లేదా తెల్ల పెన్సిలు వాడండి.

5. చెక్కండి

మొదట భద్రత. పలక జారకుండా టేబుల్ అంచుకు క్లాంపుతో బిగించండి. క్లాంపు లేకపోతే ఒక వెడల్పు పలకకు పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ మేకులతో కొట్టండి. కింది పట్టీ టేబుల్ అంచుకు ఆనుతుంది, పై పట్టీ మీ పలకను ఆపుతుంది. ఖాళీ చేయి ఎప్పుడూ ఉలి మొనకు వెనకే ఉండాలి. నా ఎడమ బొటనవేలి మొదట్లో ఉన్న మచ్చ, పలకను చేత్తో పట్టుకుని ఎదురుగా చెక్కినందుకు మిగిలింది. మొద్దు ఉలి పదునైన ఉలి కంటే ప్రమాదం, ఎందుకంటే దానికి బలం ఎక్కువ పెడతాం, అది జారుతుంది. ఇరవై నిమిషాలకోసారి సానరాయి మీద పదును పెట్టండి. పదును చూడటానికి ఉలిని పనికిరాని ముక్క మీద నారకు అడ్డంగా నడపండి. అంచులు చిరగకుండా మెరిసే గాడి పడితే పదును ఉన్నట్టే.

ఇక కోత. ఉంచవలసిన నలుపు పక్కన కత్తిని వాలుగా, నలుపుకు బయటి వైపు పోయేలా పట్టి కోయండి. గీత పైన సన్నగా, కింద వెడల్పుగా గట్టులా నిలవాలి. కత్తిని లోపలికి వాల్చితే గీత కింద బోలు పడుతుంది, రెండో అచ్చుకే అది విరుగుతుంది. మొదటి పలకల్లో గీతలు ఊడిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

నార వెంట చెక్కితే ఉలి మెత్తగా పోతుంది, కానీ ఆగవలసిన చోట ఆగకుండా చీల్చుకుపోతుంది. అందుకే ఆగవలసిన చోట ముందే కత్తితో అడ్డంగా ఒక గాటు పెట్టండి. నారకు అడ్డంగా చెక్కేటప్పుడు పెచ్చులు లేస్తాయి. అక్కడ లోతుగా పోకుండా రెండుమూడు పలుచని కోతలు వేయండి.

లోతు ఎంత? చిన్న తెల్ల గీతకు ఒక మిల్లీమీటరు చాలు. అరచేతి వెడల్పు తెల్ల భాగానికి మూడు మిల్లీమీటర్లయినా కావాలి, లేకపోతే రోలర్ లోపలికి దిగి అక్కడా సిరా అంటిస్తుంది.

మొదట ఏది చెక్కాలి? అన్నిటికంటే వెలుతురు ఎక్కువ ఉన్నచోటు. నా బొమ్మలో అది స్త్రీ చేతిలోని ఫోను, దాని పైన ఆమె గడ్డం. అక్కడ మొదలుపెట్టి, వెలుగు ఎటు పోతుందో అటే ఉలి నడిపించండి. ఉలి జాడలు కూడా వెలుగు దిశనే పోవాలి: దీపం నుంచి బయటికి, మెట్ల వాలు వెంట కిందికి. దిశ లేకుండా అటూ ఇటూ గోకిన తెలుపు, ఎంత శుభ్రంగా ఉన్నా, గోడకు సున్నం రాలినట్టు ఉంటుంది.

తెల్ల భాగాల్లో ఉలి వదిలిన సన్నటి గట్లు మిగులుతాయి. అవి అచ్చులో చిన్న చిన్న నల్ల గీరలుగా పడతాయి. కొత్తవారు వాటిని తప్పు అనుకుని నున్నగా తీసేస్తారు. ఆ గీరల్లోనే చేతి వేగం ఉంది, బస్సు హారన్ల రొద ఉంది. వాటిని ఉంచండి. తీయవలసినవి ముఖం మీద పడేవి మాత్రమే.

గుంపును చెక్కాలంటే ఒక్కో మనిషినీ చెక్కవద్దు. గుంపునంతా ఒకే నల్ల ముద్దగా ఉంచి, తలల పైన మాత్రం విరిగిన తెల్ల గీత ఒకటి లాగండి. ఆ ముద్దలో నాలుగైదు ముఖాలు, ఒక చేయి, ఒక సంచి తెరవండి. మిగతా మనుషులను చూసేవారు తామే నింపుకుంటారు.

సగం దగ్గర ఆపండి. నిజంగా సగం దగ్గరే. తీసిన చెక్కను తిరిగి పెట్టలేము, తీయనిదాన్ని రేపైనా తీయగలం.

6. సిరా లేకుండా పరీక్షించండి

పలుచని కాగితం పలకపై పరచి, మైనపు క్రేయాను పక్కకు పడుకోబెట్టి రుద్దండి. ఎత్తయినదంతా కాగితం మీదికి వస్తుంది. లోతు చాలని చోట్లు మసకగా కనిపిస్తాయి, వాటిపై సుద్దతో గుర్తు పెట్టుకోండి. గదిలో దీపం ఆర్పి ఫోను టార్చిని పలకకు పక్కగా పట్టినా గాడుల లోతు నీడల్లో తెలుస్తుంది. ఈ రెండు పరీక్షలకు కలిపి ఐదు నిమిషాలు పడుతుంది, ఎన్నో కాగితాలు మిగులుతాయి.

7. ప్రూఫు తీయండి

పలకను పొడి బ్రష్షుతో బాగా దులపండి. గాడిలో మిగిలిన ఒక్క చెక్క పొట్టు సిరాలో కలిస్తే ప్రతి అచ్చులోనూ తెల్ల చుక్కై కూర్చుంటుంది.

గాజు పలక మీద గోలీకాయంత సిరా వేసి రోలర్‌తో పలుచగా పరచండి. ఇక్కడ చెవి వాడండి. సిరా సరిపడా ఉంటే రోలర్ కింద సన్నగా చిటచిటమని శబ్దం వస్తుంది. చప్పరించినట్టు తడి శబ్దం వస్తే సిరా ఎక్కువైంది. పలక మీద ఒకేసారి దట్టంగా వేయవద్దు, పలుచగా మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ దిశ మార్చి వేయండి. కొత్త పలక సిరా పీల్చుకుంటుంది కాబట్టి మొదటి రెండు ప్రూఫులు మచ్చలుగా రావడం మామూలే.

కాగితాన్ని ఒక అంచు నుంచి మెల్లగా వదలండి. పడ్డాక జరపవద్దు, జరిపితే గీతలు రెండేసి కనిపిస్తాయి. గరిటె వీపుతో మధ్యలోంచి అంచుల వైపు చిన్న వలయాలుగా రుద్దండి. పది నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది, చేయి నొప్పి పుడుతుంది. నేపాలీ కాగితం అయితే వెనక నుంచే నలుపు తేలుతూ కనిపిస్తుంది, ఎక్కడ రుద్దాలో అదే చెబుతుంది. ఒక మూల మాత్రం ఎత్తి చూడండి, చాలకపోతే మళ్ళీ వాల్చి రుద్దండి.

ప్రూఫు చదవడం ఇలా:

- నలుపులో ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు ఉంటే సిరా చాలలేదు, లేదా రుద్దడం చాలలేదు. మరో కాగితానికి సిరా పెంచకుండా రుద్దడం పెంచి చూస్తే రెండింటిలో ఏది కారణమో తెలుస్తుంది.
- సన్నటి తెల్ల గీతలు పూడిపోతే సిరా ఎక్కువైంది. పలకను పాత కాగితంపై రెండుసార్లు వత్తి సిరా దించండి.
- గీతల అంచుల్లో జిగట గట్టు కడితే సిరా పలుచగా ఉంది. చలికాలంలో కన్నా ఎండాకాలంలో ఇది ఎక్కువ. కొంచెం టాల్కం పొడి కలిపితే గట్టిపడుతుంది.
- ఒక పక్క మాత్రమే మసకగా వస్తే పలక వంగింది. బరువు కింద రాత్రంతా ఉంచండి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష మళ్ళీ ఆ పది అడుగులదే. ప్రూఫును నల్ల కాగితం స్కెచ్ పక్కన అంటించండి. స్కెచ్‌లో ఉన్న ఊపు అచ్చులో లేకపోతే, చాలాసార్లు మీరు ఎక్కువ చెక్కి ఉంటారు.

8. సరిదిద్దండి

తీయవలసింది మిగిలి ఉంటే ప్రూఫు మీదే తెల్ల రంగుతో వేసి చూసి, నచ్చాక చెక్కండి. పెచ్చు ఊడితే దాన్ని పారేయకండి, అప్పటికప్పుడు ఫెవికాల్ చుక్కతో అదే చోట అతికించి బరువు పెట్టండి. పెచ్చు దొరకకపోతే చెక్క పొడిని ఫెవికాల్‌లో ముద్దగా కలిపి నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దండి. పెద్ద పొరపాటును ఇలా పూడ్చకండి, అతుకు అచ్చులో కనిపిస్తుంది. పొరపాటున తెల్లబడిన చోటును బొమ్మలో మరో దీపంగా మార్చగలరేమో ముందు చూడండి. నా మెట్ల బొమ్మలో కుడి మూలన ఉన్న ఆటో దీపం అలా వచ్చిందే.

9. అసలు ప్రతులు

ఒక అట్ట మీద పలక కొలత గీసి, పలక మూల ఆనేలా ఒక ఎల్ ఆకారపు పట్టీ, కాగితం మూల ఆనేలా మరొకటి అంటించండి. ప్రతి కాగితమూ అదే చోట పడుతుంది, అంచులు సమంగా వస్తాయి. చేతులు సిరాతో ఉన్నప్పుడు కాగితాన్ని మడిచిన అట్టముక్కలతో పట్టుకోండి. ఒక పూటకు ఆరేడు ప్రతులు చాలు, అలసిన చేతి రుద్దుడు సమంగా ఉండదు.

రంగు కావాలంటే: నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ చేసిన దారి నాకు చాలా ఇష్టం. పలకను సన్న రంపంతో ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు వేరే రంగు సిరా పూసి, మళ్ళీ కలిపి పేర్చి ఒకేసారి అచ్చు తీసేవాడు. బస్సు వెనక దీపం ఒక్కటే ఎర్రగా కావాలంటే ఆ ముక్కను కోసి విడిగా సిరా పూయండి. కోత జాడ అచ్చులో సన్నటి తెల్ల గీతగా వస్తుంది, అది బొమ్మ అంచుతో కలిసేలా కోయాలి. మొదటి పలకకు మాత్రం నలుపొక్కటే ఉంచండి.

చెక్క కుదరకపోతే: లినోలియం ముక్క మీద ఇవే మెట్లు పనిచేస్తాయి. నార ఉండదు కాబట్టి వానను కూడా మీరే చెక్కాలి. పిల్లలతో చేస్తే మెత్తటి రబ్బరు పలక, నీటి సిరా వాడండి. నీటి సిరా త్వరగా ఆరిపోతుంది కాబట్టి అర నిమిషంలో కాగితం వేయాలి.

10. ఆరబెట్టడం, శుభ్రం చేయడం, సంతకం

ప్రతులను తీగకు క్లిప్పులతో వేలాడదీయండి. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులు, వానాకాలంలో వారం పైనే పడుతుంది. ఆరిందా లేదా అని బొమ్మ మధ్యలో వేలు పెట్టవద్దు, మూలనున్న నలుపుపై న్యూస్‌ప్రింట్ ముక్క వత్తి చూడండి.

పలకను, రోలర్‌ను ముందు వంటనూనెతో తుడవండి, తరువాత కొంచెం కిరోసిన్ లేదా టర్పెంటైన్‌తో. కిటికీలు తెరిచి, వంటగదికి దూరంగా చేయండి. పలకను నీళ్ళతో కడగవద్దు, వంగుతుంది. లిన్సీడ్ నూనె ఉన్న సిరా తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే అవి తమంతట తామే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్ళు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి.

ఆరాక అచ్చు కింద పెన్సిలుతో ఎడమవైపు సంఖ్య (పది ప్రతుల్లో మూడోదైతే 3/10), మధ్యలో పేరు, కుడివైపు సంతకం. కిర్ష్‌నర్ తాను స్వయంగా తీసిన ప్రతుల మీద 'స్వీయ ముద్రణ' అని జర్మన్‌లో రాసేవాడు. గరిటెతో రుద్ది తీసిన ప్రతి ఏదీ పక్కదానితో అచ్చంగా ఒకలా ఉండదు కాబట్టి మీరూ ఆ మాట రాయవచ్చు. ప్రూఫులను పారేయకండి. తేదీ వేసి పలకతో పాటే దాచండి, రెండో పలక మొదలుపెట్టే రోజు వాటిని వరుసగా నేల మీద పరిచి చూసుకోవాలి.